పంటు లేని లంక

"మీ చెల్లెలు ఎక్కడుంటారండీ?" అని ఎవరైనా అడిగితే "మెల్‌బోర్న్" అని చెప్పడం నాకు ఏడేళ్ళుగా అలవాటు. ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త పెరిగేది కూడా, దాచుకోవడం దేనికి! పోయినేడాది జూలైలో దాని పురిటికి వెళ్ళి మూడు నెలలు ఉన్నాక తెలిసిందేమిటంటే, మా చెల్లి మనమనుకునే మెల్‌బోర్న్‌లో లేదు.

కంగారు పడకండి, విమానం దిగింది మెల్‌బోర్న్‌లోనే. కానీ అది ఉండే టార్నీట్ నగరం నడిబొడ్డుకి పడమటగా పాతిక కిలోమీటర్ల దూరం. మెల్‌బోర్న్ అనగానే మనకి ఫోటోల్లో చూసిన ట్రాములు గుర్తొస్తాయి కదా. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాము వ్యవస్థ వాళ్ళదే, సుమారు 250 కిలోమీటర్ల దారి. అందులో ఒక్క ట్రామూ మా చెల్లి ఉండేవైపు రాదు. ఒకప్పుడు గడ్డి మైదానాలూ, పొలాలూ ఉన్న చోటది. 2021 జనాభా లెక్కలకి అక్కడ 56 వేల మంది పైనే ఉన్నారు. మన దేశం వాళ్ళు బాగా ఎక్కువ, అందులోనూ పంజాబీలు. రైల్వే స్టేషను 2015లో వచ్చింది. ఇళ్ళు మాత్రం స్టేషను దాటి ఇంకా అవతలికి పెరుగుతూనే ఉన్నాయి. మా చెల్లి ఇల్లు ఆ పెరిగే అంచున ఉంది. వీధి చివర కంచె, కంచె అవతల మట్టి దిబ్బలు, వాటి మీద "త్వరలో" అని బోర్డులు.

ఆ ఇల్లు కొనమన్నది నేనే.

పెళ్ళయి వెళ్ళిన కొత్తలో వాళ్ళు ఫుట్‌స్క్రేలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవారు. అది నగరానికి దగ్గర. మెట్లు దిగితే మార్కెట్టు, చేపలు, కొత్తిమీర, వియత్నాం వాళ్ళ దుకాణాలు, పది నిమిషాలు నడిస్తే రైలు. దానికి అప్పట్లో సిటీలో చిన్న ఉద్యోగం కూడా ఉండేది. ఫోన్ చేస్తే వెనక నుంచి ఎప్పుడూ ఏదో ఒక గోల వినబడేది. "ఎక్కడున్నావే?" అంటే "రోడ్డు మీద ఉన్నానక్కా, మళ్ళీ చేస్తా" అనేది. నాకేమో ఆ రెండు గదులు నచ్చేవి కావు. అంత దూరం వెళ్ళి అద్దె కొంపలో ఉండటమేమిటి, నలుగురికీ చెప్పుకోవద్దూ? "కొనుక్కోండమ్మా, కొనుక్కోండి" అని ఫోన్ చేసినప్పుడల్లా పోరు పెట్టాను. వాళ్ళ చేతిలో ఉన్న డబ్బుకి నగరానికి దగ్గరలో ఇల్లు రాదు. టార్నీట్‌లో వచ్చింది. 400 చదరపు మీటర్ల స్థలం, మన లెక్కలో 480 గజాలకి కాస్త తక్కువ. నాలుగు పడగ్గదులు, రెండు కార్లు పట్టే గరాజు, వెనక పెరడు. గృహప్రవేశం వీడియో చూసి మా బంధువులంతా "ఇంద్రభవనం" అన్నారు. అందరికన్నా ముందు అన్నది నేను.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంత ప్రయాణం చెయ్యలేదు. అందుకని పురిటికి నేను వెళ్ళాను. ఆవకాయ, సున్నుండలు, వాము, అన్నీ సర్దుకుని వెళ్ళాను. విమానాశ్రయంలో వాము పొట్లం దగ్గర ఆపి అడిగిన ప్రశ్నల సంగతి ఇంకోసారి చెప్తాను. మా మరిది వచ్చి తీసుకెళ్ళాడు. ఇల్లు నిజంగానే బాగుంది. ఎక్కడ ముట్టుకున్నా తళతళ. మొదటి వారం నేను ఆ ఇంట్లో తప్పిపోతానేమో అనుకున్నాను.

రెండో వారానికి సంగతి అర్థం కావడం మొదలైంది.

మరిది పొద్దున్న ఆరున్నరకి కారు తీసి వెళ్ళిపోతాడు. ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర, ఏడు. ఆ పన్నెండు గంటలూ మేమిద్దరం, పిల్లాడు. కిటికీ దగ్గర నిలబడితే వీధి మొత్తం కనబడుతుంది, మనిషి మాత్రం కనబడడు. ఎదురింటాయన కారు వస్తుంది, గరాజు తలుపు దానంతటదే లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగిపోతుంది. మూడు నెలల్లో ఆయన మొహం నేను సరిగ్గా చూడలేదు. చెత్త డబ్బాలు ఎత్తే లారీ వారానికోసారి వస్తుంది. దాని డ్రైవరు మా కిటికీ వైపు చూసి చెయ్యి ఊపుతాడు. "ఆయన వచ్చే రోజు నాకు బాగా గుర్తుంటుందక్కా. కొన్ని వారాలు నన్ను పలకరించిన బయటి మనిషి ఆయనొక్కడే" అని నవ్వింది మా చెల్లి. నాకు నవ్వు రాలేదు.

కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్ళు ఎక్కువై ఉద్యోగం మానేసింది. రెండు బళ్ళు మారి సిటీకి వెళ్ళడం దాని వల్ల కాలేదు. డ్రైవింగు రాదు. లెర్నర్ పర్మిట్ ఎప్పుడో తీసుకుని సొరుగులో పడేసింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఇక్కడ అంతా బావుందక్కా" అనేది. ఇల్లు చూపించమంటే చూపించేది. వెనక నుంచి గోల వినబడటం మానేసిందని నేనెందుకు గమనించలేదో నాకిప్పటికీ తెలియదు.

ఒకరోజు పిల్లాడికి నాపీలు అయిపోయాయి. మరిది చెయ్యి ఖాళీ లేని పనిలో ఉన్నాడు. "దుకాణం ఎంత దూరమే?" అంటే "రెండున్నర కిలోమీటర్లు" అంది. అదెంత, మనం నడవమా అనుకుని బయల్దేరాను. బస్సు నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది, మళ్ళీ బస్సుకి నలభై నిమిషాలు. సరే, నడుద్దామని నడిచాను. ఆ మైదానంలో అడ్డం అన్నది లేదేమో, చలికాలపు గాలి చెంపలు వాయించేస్తోంది. సగం దూరం వెళ్ళాక కాలిబాట అయిపోయింది. అయిపోయింది అంటే నిజంగానే అయిపోయింది. సిమెంటు ఆగిపోయింది, ఇక గడ్డి, తర్వాత ఇనప కంచె. పక్కన మాత్రం నున్నటి రోడ్డు, దాని మీద 80 వేగంతో కార్లు. కార్లకి దారి వేసినవాళ్ళు మనిషి నడుస్తాడని అనుకోలేదు.

అక్కడ నిలబడి ఏం చెయ్యాలా అని చూస్తుంటే ఒక కారు ఆగింది. సల్వారు కమీజులో ఒక పంజాబీ పెద్దావిడ, మా వెనక వీధే. "బైఠో, బైఠో" అంది. నా హిందీ మన దూరదర్శన్ రోజుల హిందీ, అయినా సరిపోయింది. దుకాణానికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపింది. యాభై ఎనిమిదో ఏట కారు నేర్చుకుందట. "బహూ నేర్పించింది. లేకపోతే పిచ్చెక్కేది" అంది. కోడలు అత్తగారికి కారు నేర్పించడం! ఆ మాట తలుచుకుంటూ ఇంట్లోకి వచ్చాను.

మాది సఖినేటిపల్లి దగ్గర లంక ఊరు. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డున నరసాపురం. నేను బీఏ చదివింది ఆ ఒడ్డునున్న వై.ఎన్. కాలేజీలో. రోజూ పంటు మీద దాటి వెళ్ళేదాన్ని. పంటు తెలియనివాళ్ళకి చెప్తున్నాను, మనుషుల్నీ, సైకిళ్ళనీ, మోటారు బళ్ళనీ, ఒక్కోసారి కార్లనీ ఎక్కించుకుని రేవు దాటించే పెద్ద బల్లకట్టు. మేము బతికింది గడియారంతో కాదు, పంటుతో. పొద్దున్న పంటు తప్పితే మొదటి పీరియడ్ పోయినట్టే. వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. అంతర్వేది తీర్థానికి పంటు మీద కాలు పెట్టే చోటుండేది కాదు.

టార్నీట్‌లో ఆ కిటికీ దగ్గర నిలబడితే నాకు మా లంకే గుర్తొచ్చింది. నీళ్ళు లేవు గానీ అదీ లంకే. దాటించే పంటు కారు. అది పొద్దున్న ఆరున్నరకి ఒకసారి వెళ్ళిపోతుంది, రాత్రి ఏడింటికి తిరిగొస్తుంది. ఆ మధ్యలో ఏం జరిగినా ఒడ్డున కూర్చోవాల్సిందే.

ఒక తేడా ఉందండీ. మా లంకలో పంటు ఆగినా మనుషులు ఆగరు. మధ్యాహ్నం అయితే అరుగుల మీద ఆడవాళ్ళు చేరి లేసులు అల్లుకునేవారు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, అందులో సగం అల్లిక ఆ అరుగుల మీది కబుర్లేనని నా నమ్మకం. దడి మీంచి కరివేపాకు రెబ్బ అందేది. బాలింత ఇంట్లో పిల్లాడు ఏడిస్తే మూడిళ్ళవతలి ముసలమ్మ వచ్చి "వసపోశావా?" అని అడిగేది. మా అమ్మ నెలల తరబడి రేవు దాటకుండా బతికిన రోజులున్నాయి. కానీ ఒంటరిగా ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు.

అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది, అది చెప్పకపోతే తప్పు. విక్టోరియా రాష్ట్రంలో పిల్లలు పుట్టాక తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సులుంటారు. పుట్టినప్పటి నుంచి మూడున్నరేళ్ళు వచ్చేదాకా పది సార్లు చూస్తారు, మొదటిసారి ఇంటికే వస్తారు, పైసా తీసుకోరు. మా దగ్గరికి వచ్చినావిడ పిల్లాణ్ణి తూచింది, కొలిచింది. తర్వాత పిల్లాణ్ణి నాకిచ్చి మా చెల్లి ఎదురుగా కూర్చుంది. నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా, ఇంట్లో తోడు ఎవరున్నారు అని అడిగింది. "అక్క వచ్చింది" అంది మా చెల్లి, నా వైపు చూపిస్తూ.

"అక్క వెళ్ళాక?" అంది ఆవిడ.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ ప్రశ్న మాత్రం అర్థమైంది. మా చెల్లి జవాబు చెప్పలేదు. పిల్లాడి సాక్సు సరిచేసింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక మా మరిదితో మాట్లాడాను. "వదినగారూ, ఇప్పుడు డ్రైవింగంటే... చంటిపిల్లాడు, పైగా ఆపరేషను. రెండో కారు కొనే పరిస్థితి కూడా లేదండీ" అన్నాడు. అబద్ధం కాదు. బ్యాంకు వాయిదాలు కట్టేసరికి జీతంలో ఏం మిగులుతుందో నాకు చూపించాడు. అతను చెడ్డవాడు కాదు. రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే గడిపి, ఇంటికొచ్చి పిల్లాడికి నాపీలు మారుస్తాడు. నిజానికి ఆ లంకలో అతనూ చిక్కుకున్నాడు, కాకపోతే అతని చేతిలో పంటు ఉంది. "రెండో కారు వద్దు నాయనా. వారానికి రెండు రోజులు నువ్వు స్టేషనుకి బస్సులో వెళ్ళి రైలెక్కు. ఆ రెండు రోజులు కారు ఇంట్లో ఉంచు. అది నడిపినా, నడపకపోయినా ఉంచు" అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరేనండీ" అన్నాడు.

డాక్టరు సరేనన్నాక పాఠాలు మొదలయ్యాయి. నేర్పడానికి వచ్చినావిడ మన గుంటూరు వైపు మనిషే. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగ్ కుడి పక్కనే, కాబట్టి ఆ కష్టం లేదు. పసుపుపచ్చ 'ఎల్' బోర్డు పెట్టుకుని మా చెల్లి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుంటే నేను పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. నేను అక్టోబరులో వచ్చేశాను. మొదటిసారి పరీక్ష తప్పింది. రెండోసారి నెగ్గింది. ఇప్పుడు కారుకి ఆకుపచ్చ 'పి' బోర్డు తగిలించుకుని తిరుగుతోంది. నర్సు చెప్పిన కొత్త తల్లుల గుంపులో చేరింది. టార్నీట్‌లో లైబ్రరీ ఉంది, ఆస్ట్రేలియాకి మొదటి మహిళా ప్రధాని అయిన జూలియా గిల్లార్డ్ పేరు పెట్టారు దానికి. ఆవిడ ఆ ప్రాంతం నుంచే పార్లమెంటుకి ఎన్నికయ్యారు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో వేల్స్ నుంచి వలస వచ్చినావిడే. చంటిపిల్లలకి పాటలూ కథలూ చెప్పే పూట మా చెల్లి అక్కడికి వెళ్తుంది. ఈమధ్య ఫోన్ చేస్తే వెనకాల పిల్లల గోల వినబడింది. "ఎక్కడున్నావే?" అన్నాను. "మళ్ళీ చేస్తానక్కా" అంది. ఎంత సంతోషమేసిందో!

ఊరి చివర ఇల్లు కొన్నవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళని నేననడం లేదు. మధ్యతరగతి వాళ్ళకి సొంతిల్లు దొరికేది అక్కడే. గాలి ఉంది, పెరడు ఉంది, ఎండాకాలంలో గోంగూర మొలుస్తుంది. గుడికి వెళ్ళాలంటే మాత్రం క్యారం డౌన్స్‌లోని శివ విష్ణు ఆలయం నగరానికి అవతలి కొస, కారులో గంట పైన. అదీ తట్టుకోవచ్చు. "అన్నీ ఆన్‌లైన్లో ఇంటికే వస్తాయి కదా, బయటికెందుకు?" అని మా తోడికోడలు అడిగింది. వస్తాయి. తెచ్చినబ్బాయి సంచి గుమ్మంలో పెట్టి, ఫోటో తీసుకుని, మనం తలుపు తీసేలోపు వెళ్ళిపోతాడు.

నేననేది ఇంతే. అమ్మాయిని పంపించేటప్పుడు మనం ఇల్లెంత, జీతమెంత, వీసా ఏది అని అడుగుతాం. గుమ్మం దిగి పిల్ల కాలినడకన ఎక్కడిదాకా వెళ్ళగలదు అని అడగం. దుకాణం ఎంత దూరం, దారంతా కాలిబాట ఉందా, ఆదివారం బస్సు ఎన్నింటికొకటి, పగలు కారు ఎవరి దగ్గరుంటుంది? ఈ నాలుగూ అడగండి. మొహమాటం వద్దు. ఇత్తడి సామానూ, మిక్సీ జారూ తర్వాత, ముందు పిల్లకి డ్రైవింగు నేర్పించి లైసెన్సుతో విమానం ఎక్కించండి. అక్కడికి వెళ్ళాక మళ్ళీ పరీక్షలున్నా చేతికి అలవాటుంటుంది. ఇల్లు కొనే మాటొస్తే ఆ ఇంట్లో పగలంతా ఉండబోయే మనిషి ఒకసారి నడిచి చూసి చెప్పాలి. నాలాంటి అక్కలు దూరం నుంచి "కొనుక్కోండి" అనకూడదు.

ఇది ఆస్ట్రేలియా సంగతే అనుకోకండి. మా రాజమండ్రి కూడా అంచుల్లో పెరుగుతోంది. మేము దానవాయిపేటలో పాత ఫ్లాటులో ఉంటున్నాం. కూరలబండి, గుడి, టైలరు, మందుల షాపు, అన్నీ నడిచి వెళ్ళే దూరమే. మా వారికి దివాన్‌చెరువు అవతల ఒక వెంచరులో ఇల్లు తీసుకోవాలని ఉంది. బ్రోచరు బావుంది, మొక్కలు కూడా వేశారు. నేను వద్దనలేదు. "ఒక రోజు పొద్దున్నే నన్ను అక్కడ దింపి మీరు బండి తీసుకుని వెళ్ళిపోండి. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి. ఆ రోజంతా నేను ఏం చేశానో చెప్పాక కొందాం" అన్నాను. ఆయన ఇంకా రోజు చెప్పలేదు.

ఇదంతా ఫోన్లో మా చెల్లికి చెప్పి గొప్పగా నవ్వాను. అది కూడా నవ్వి, "మరి నువ్వెప్పుడు నేర్చుకుంటావక్కా?" అంది.

నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు. సైకిలు తప్ప ఏదీ రాదు. దానికి అన్నేసి సుద్దులు చెప్పినప్పుడు ఆ సంగతి నాకెందుకు గుర్తు రాలేదో! ఆదివారం నుంచి పొద్దున్నే మా అమ్మాయి స్కూటీ మీద ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి వెళ్తున్నాం. వెనక కూర్చుని అది "అమ్మా, బ్రేకు! బ్రేకు!" అని అరుస్తోంది. నిన్నటికి రెండుసార్లు పడ్డాను. మోచెయ్యి కాస్త గీసుకుంది, అంతే. రేపు మళ్ళీ వెళ్తాం.